రవిదాస్ జయంతికి పిలిచారు, వెళ్లవచ్చా?

ప్రశ్న (వుల్వర్‌హాంప్టన్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థి)

అక్కలకు, అన్నలకు జై భీమ్. మాది ప్రకాశం జిల్లా. సెప్టెంబరులో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చాను. అద్దెకు ఉంటున్న ఇల్లు పంజాబీవాళ్లది. వాళ్లబ్బాయి కారులో పాటలు పెడితే "చమార్" అనే మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది. తిట్టుగా కాదు, గొప్పగా. మొదటిసారి విన్నప్పుడు గుండె ఝల్లుమంది. మన దగ్గర కులం పేరు పెట్టి అలా అరిస్తే కేసవుతుంది కదా.

నిన్న ఆంటీ నన్ను గురు రవిదాస్ జయంతికి రమ్మన్నారు. నేను మాదిగనని వాళ్లకు ఇంకా చెప్పలేదు. ఇక్కడి తెలుగువాళ్ల దీపావళికి వెళితే ఒక పెద్దాయన ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు బాబూ" అన్నారు. అప్పటినుంచి ఎవరికీ ఏమీ చెప్పాలనిపించడం లేదు. ఈ జయంతికి వెళ్లవచ్చా? వెళితే ఎలా మసలుకోవాలి? ఇంకొకటి, నాకు డప్పు వచ్చు. ఊరేగింపులో వాయిస్తానంటే ఏమనుకుంటారు?

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న ఒక అక్క)

తమ్ముడూ, తప్పకుండా వెళ్లు.

నువ్వు దిగిన ఊరి సంగతి ముందు తెలుసుకో. 1950లు, 60లలో ఈ చుట్టుపక్కల ఫౌండ్రీల్లో పనికి వచ్చిన పంజాబీల్లో చాలామంది దోఆబా వాళ్లు, అంటే జలంధర్, హోషియార్‌పూర్ వైపువాళ్లు. వాళ్లలో రవిదాసియాలు, అంటే భక్తకవి గురు రవిదాస్‌ను కొలిచే, తోలుపని కులమైన చమార్లు కూడా చాలామంది. కొలిమి దగ్గర పక్కపక్కనే చెమటోడ్చినవాళ్లు గురుద్వారా పెత్తనం దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర మళ్లీ భూములున్న జాట్లు, చమార్లుగా విడిపోయారు. అందుకే వీళ్లు సొంత సభలు పెట్టుకుని, చందాలు వేసుకుని సొంత మందిరాలు కట్టుకున్నారు. మీ ఆంటీ రమ్మన్నది అలాంటి చోటికి.

ఇక పాటలు. పంజాబీ పాటలు నాలుగు వింటే మూడింట్లో జాట్ ఉంటాడు. అతని పొలం, అతని ట్రాక్టరు, అతని తుపాకి, అతని మీసం. 2011 జనగణన ప్రకారం పంజాబు జనాభాలో 31.9 శాతం దళితులు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత శాతం లేరు. కానీ భూమి వాళ్ల చేతిలో లేదు, పాటలోనూ చాలాకాలం వాళ్లు లేరు. చివరికి "జాట్ల బిడ్డలం" అన్న పాటకు ఎదురుగా "చమార్ల బిడ్డలం" అన్న పాట పుట్టింది. వాటిలో చాలావరకు నాకు నచ్చవు, ఉన్నమాట చెబుతున్నాను. అదే జీపు, అదే తుపాకి, నడిపేవాడు మాత్రం మారాడు. అయినా ఆ మోత ఎందుకో నాకు అర్థమవుతుంది.

గిన్నీ మాహీ పాటలు మాత్రం తప్పక విను. జలంధర్‌లోని ఆబాద్‌పురా అమ్మాయి. మొదట గురు రవిదాస్ మీద భక్తిగీతాలు పాడింది. కాలేజీలో ఎవరో కులం ఆరా తీసి, "అమ్మో, చమార్లా, వాళ్లు ప్రమాదం" అన్నట్టు మాట్లాడితే, ఆ మాటనే పట్టుకుని 2016లో "డేంజర్ చమార్" అని పాడింది. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. తుపాకులు పట్టిన మగవాళ్ల మధ్య నిలబడి ఒక ఆడపిల్ల అంబేడ్కర్ పేరు, రాజ్యాంగం పేరు చెప్పి పాడడం చిన్న సంగతి కాదు.

బంత్ సింగ్ సంగతి కూడా తెలుసుకో. మాన్సా జిల్లా ఝబ్బర్ గ్రామంలో వ్యవసాయ కూలీ. తన కూతురి మీద అత్యాచారం చేసినవాళ్లకు కోర్టులో శిక్ష పడేదాకా ఊరుకోలేదు. ఆ కక్షతో 2006 జనవరిలో ఆయన్ను కొట్టిపడేశారు. రెండు చేతులు, ఒక కాలు పోయాయి. ఆ తరువాత కూడా సభల్లో పంజాబీ దళిత విప్లవకవి సంత్ రామ్ ఉదాసీ పాటలు పాడుతూనే ఉన్నారు. కారులో మోగే పాట వేరు, ఈ పాట వేరు. రెండూ ఒకే నేలలో పుట్టాయి.

ప్రకాశం జిల్లావాడివి, నీకు నేను చెప్పాలా? 1994లో మీ జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక మనవాళ్లు పేరు చివర మాదిగ అని తలెత్తుకుని పెట్టుకున్నారు. ఆ కారులో వినిపించేది అదే వరస. అయితే ఒక జాగ్రత్త. వాళ్లు ఆ పాట పాడుకుంటుంటే చప్పట్లు కొట్టు, వంతపాడు, కానీ మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ మాట నీ నోట రానివ్వకు. దాన్ని వాళ్లు తమ నోటితో అనుకున్నప్పుడే అది గౌరవం. "రవిదాసియా" అను చాలు.

జయంతి మాఘ పౌర్ణమికి. ఇక్కడ దాని ముందో వెనకో వచ్చే ఆదివారం పెద్దగా జరుపుతారు. ఫిబ్రవరి చలి, కాళ్లకు మందపాటి మేజోళ్లు వేసుకో, ఎందుకంటే గుమ్మంలోనే చెప్పులు విప్పేయాలి. తలకు రుమాలు కట్టుకోవాలి. లేకపోతే గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. మద్యం, సిగరెట్టు జేబులో కూడా ఉండకూడదు. ఎవరైనా "జై గురుదేవ్" అంటే "ధన్ గురుదేవ్" అను. లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, నేల మీద వరుసగా కూర్చుంటారు. రొట్టె వడ్డించేవారు "పర్శాదా" అంటూ వస్తారు. పళ్లెం ముందుకు తోయకు, రెండు అరచేతులు చాచి అందుకో. తినగలిగినంతే పెట్టించుకో. తిన్నాక ఊరికే కూర్చోకుండా వంటగదిలోకి వెళ్లి "సేవ ఏమైనా ఉందా" అని అడుగు. గిన్నెలు తోమే దగ్గర కుదిరినంత స్నేహం వేదిక ముందు కుదరదు.

హాలులో గురు రవిదాస్ రాసిన బేగంపురా పదం పాడతారు. దుఃఖం లేని ఊరు, పన్ను లేని ఊరు, ఎవరికి నచ్చిన చోట వాళ్లు తిరగగలిగే ఊరు అని కాశీలో తోలుపని చేసుకున్న మనిషి వందల ఏళ్ల క్రితం ఊహించిన ఊరు అది. భాష రాకపోయినా ఇంత తెలిసి వింటే చాలు.

మీరు సిక్కులా, వేరే మతమా అని మాత్రం మొదటిరోజే అడగవద్దు. 2009 మే 24న వియన్నాలోని రవిదాస్ మందిరంలో సాయుధులు దాడి చేశారు. జలంధర్ దగ్గరి రవిదాసియాల పెద్ద ఆశ్రమం డేరా సచ్‌ఖండ్ బల్లాఁకు చెందిన సంత్ రామానంద్ ఆ గాయాలతో మరణించారు. పంజాబు భగ్గుమంది. మరుసటి ఏడాది జనవరి 30న, జయంతి నాడే, కాశీలో రవిదాసియా ధర్మం వేరని డేరా ప్రకటించింది, అమృత్‌బాణీ అనే వేరే గ్రంథం వచ్చింది. ఇప్పుడు కొన్ని మందిరాల్లో అమృత్‌బాణీ ఉంటుంది, కొన్నింటిలో గురు గ్రంథ్ సాహిబ్ ఉంటుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరొక వైపు ఉంటారు. ఏది ఉంటే దానికి తల వంచి కూర్చో. పంజాబీ దళితులందరూ రవిదాసియాలే అని కూడా అనుకోవద్దు. పారిశుద్ధ్య పని కులమైన వాల్మీకుల మందిరాలు వేరు, ఆ కులం నుంచి సిక్కులైన మజహబీలు వేరు. బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్‌వాదులు కొందరు ఈ పూజలు ఇష్టపడరు.

జవాబు (లండన్ నుంచి)

అక్కా, కోపం తెచ్చుకోవద్దు. సముద్రం దాటి వచ్చాక కూడా ఈ కులం గొడవ ఎందుకు? మా పిల్లలకు ఆ పేర్లే తెలియకుండా పెంచుతున్నాం. పాటల్లో కులం పేరు అరుచుకుంటే మానిపోయే పుండు మళ్లీ రేగడమే కదా?

జవాబు (కెనడా, బర్నబీ నుంచి ఒక అన్న)

లండన్ సోదరా, ఆ తమ్ముణ్ణి "మీ ఇల్లు ఎటువైపు" అని అడిగిన పెద్దాయన కూడా సముద్రం దాటే వచ్చారు. పిల్లలకు తెలియకుండా పెంచడం మీ చేతిలో ఉంది, పక్కింటివాళ్లు తమ పిల్లలకు చెప్పకుండా ఉండడం మీ చేతిలో లేదు. ఊరికే పాటలు కట్టుకోవడంతో ఇక్కడ ఎవరూ ఆగలేదు. మా బర్నబీ నగరం 2020లో ఏప్రిల్ 14ను అంబేడ్కర్ పేరిట సమానత్వ దినంగా ప్రకటించింది. దాని వెనుక ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో రవిదాసియా సభవాళ్లు, అంబేడ్కర్ సంఘాలవాళ్లు ఉన్నారు. 2023లో సియాటెల్ కులవివక్షను నిషేధించింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. హోషియార్‌పూర్‌కు చెందిన మంగూరామ్ 1909లో అమెరికా వచ్చి, బ్రిటిష్ పాలనపై పోరాడిన గదర్ పార్టీలో తిరిగి, ఇంటికి వెళ్లాక 1926లో, అంటరానివాళ్లం ఈ నేల మొదటివాళ్లం, మా మతం వేరు అనే ఆద్ ధర్మ్ ఉద్యమం లేవదీశారు. అంతకుముందే 1917లో బెజవాడ సభలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, మనవాళ్లు పంచములం కాము, ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నారు. ఇద్దరికీ ఒకరి ఊరు ఒకరికి తెలియకపోయినా అడిగింది ఒక్కటే.

తమ్ముడూ, ఏప్రిల్‌లో అంబేడ్కర్ జయంతి సభలకు కూడా వెళ్లు. అక్కడ తెలుగువాళ్లు, మరాఠీలు, పంజాబీలు కలుస్తారు. ఇల్లు ఎటువైపు అని అడగరు, అడిగినా చెప్పడానికి నీకు ఇబ్బంది ఉండదు.

జవాబు (బర్మింగ్‌హామ్ అక్క, మళ్లీ)

లండన్ తమ్ముడికి అన్న చెప్పాడు, నేను మళ్లీ చెప్పను.

ఆ పెద్దాయన మళ్లీ తగిలితే "మీకెందుకండీ" అని నవ్వుతూ అనేసి పక్కకు వెళ్లిపో. కానీ పనిచేసే చోట, యూనివర్సిటీలో ఇలాంటిది జరిగితే నవ్వి ఊరుకోకు. ఎవరు, ఏమన్నారు, ఎదుట ఎవరున్నారు అన్నది తేదీ వేసి ఆ రాత్రే రాసిపెట్టుకో. సమానత్వ చట్టంలో కులాన్ని పేరు పెట్టి చేర్చబోమని ఇక్కడి ప్రభుత్వం 2018లో తేల్చేసింది. అయినా జాతి మూలం అన్న మాట కింద కొన్ని కుల కేసులు వచ్చే వీలుందని 2014లో ఉపాధి అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. దారి సన్నగానే ఉంది, మూసుకుపోలేదు.

మాదిగనని ఆంటీకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నన్ను అడిగితే లంగర్ అయ్యాక, టీ తాగేటప్పుడు చెప్పు. తోలుపని చేసినవాళ్లం అంటే చాలు, ఆమెకు ఇంకేమీ విడమరచి చెప్పనక్కరలేదు.

డప్పు సంగతి. నేరుగా ఊరేగింపులోకి దిగకు. ముందు కమిటీ కార్యదర్శిని కలిసి, ఫోనులో ఒక దరువు వినిపించి అడుగు. ధోల్ వాయించేవాళ్లతో కూడా ఒక మాట అను, వాళ్ల నడక వేరు, నీ దరువు వేరు, ఒకేసారి మోగిస్తే రెండూ చెడతాయి. వాళ్లు ఆగినచోట నువ్వు అందుకో. చర్మం డప్పు అయితే ఈ తేమకు పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది, రోడ్డు మీద మంట వేసి కాచుకోనివ్వరు. ఫైబర్ డప్పు తీసుకెళ్లడం మేలు. నీ దగ్గర లేకపోతే చెప్పు, కోవెంట్రీలో మనవాళ్ల దగ్గర ఒకటి ఉంది, శనివారం లోపు తెప్పిస్తాను.