‘మీఁగడ పేరిన...’ అని పోతన రాశాడా?

నిమ్మడిప్ప:
రెండు రోజులుగా ఒక ముక్క నోట్లో ఆడుతోంది. “మీఁగడ పేరిన...” అని మొదలవుతుంది, ఆ తర్వాత చల్దిముద్ద వస్తుంది. చిన్నప్పుడు మా నాన్న స్నానం చేసి వస్తూ రాగం తీసేవారు. పుస్తకం తెరిస్తే, అంటే పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు స్నేహితుల మధ్య కూర్చుని చల్ది (చద్దన్నం) తినే పద్యంలో, “మీఁగడ పెరుఁగుతో మేళవించిన చల్ది ముద్ద డాపలిచేత” అని ఉంది. నాన్న పాడింది మాత్రం ‘పేరిన’ అనే, ఆ ‘పే’ దగ్గర ఆయన గొంతు సాగడం ఇంకా చెవిలో ఉంది. ‘పేరిన’ అనే ఈ పాఠాంతరం ఏ ప్రతిలోనైనా ఎవరైనా చూశారా?

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో కూడా చెప్తాను. మా ఫ్రెండు పెళ్లికి ముందు ఆడవాళ్లం ఒక పార్టీ పెట్టుకున్నాం, శనివారం, ఎడిసన్‌లో మా ఇంట్లోనే. మార్గరీటా అనే టెకీలా కాక్‌టెయిల్‌ని జెలటిన్‌తో బిగించి షాట్లుగా చేస్తున్నాను. 12 నిమ్మకాయలు నిలువుగా కోసి, రసం పిండి, చెంచాతో లోపలి పొరంతా ఊడదీస్తే 24 డిప్పలు. అవి ఒరిగిపోకుండా మఫిన్ ట్రే గుంటల్లో కూర్చోబెట్టి, టెకీలా కలిపిన రసం అంచుదాకా పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. నాలుగు గంటల తర్వాత కత్తి వేడినీళ్లలో ముంచి ఒక్కో డిప్పని రెండుగా కోస్తే తొక్కతో సహా నిమ్మముక్కలాగే ఉంటుంది. నిన్న ట్రయల్‌కి రెండు చేశాను, వెలుతురుకి పెట్టి చూస్తే పచ్చగాజు ముక్కలా ఉంది.

ప్రతి ట్రే పక్కనా తెలుగులో ఒక చీటీ పెట్టాలని నా కోరిక. ఫ్రిజ్‌లో దానికి జరిగిన పనిని ఏమనాలి? గట్టిపడింది, గడ్డకట్టింది, తోడుకుంది, పేరింది... అక్కడే ఆగిపోయాను. పద్యంలో ‘పేరిన’ ఉందని తేలితే చీటీ మీద ఆ పాదమే రాసేస్తాను.

అరసున్న:
అమ్మా, నేను చూసిన ప్రతుల్లో ‘పెరుఁగుతో’ తప్ప మరొకటి లేదు. అయితే మీ నాన్నగారి చెవిని నేను తీసిపారెయ్యను. గణాలు వేసి చూడండి. మీఁగడ భగణం, పెరుఁగుతో నగం, మేళవిం రగణం, చినచల్ది సలం. రెండో గణంలో ‘పేరిన’ పెట్టినా భగణమే, అదీ సీసపద్యంలో అక్కడ రావలసిన ఇంద్రగణమే. యతి ‘మీ’కి మూడో గణం ‘మే’తో కుదురుతోంది. రెండో గణంలో ఏం మారినా ఛందస్సుకి పట్టదు. కాబట్టి పాడేవాళ్ల నోట్లో ఈ పాదం మారడానికి అడ్డేమీ లేదు.

ఓరుగల్లు:
ఛందస్సు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు కదా మాస్టారూ, అన్వయం కుదరాలి. “మీఁగడ పేరిన మేళవించిన చల్ది” అంటే దేంతో మేళవించినట్టు? ‘తో’ పోతే వాక్యం కుంటుతుంది. మా బమ్మెర పోతన అలా రాయడు.

కడప గడప:
మా ఒంటిమిట్ట పోతన కూడా అలా రాయడు గానీ, రెండు విశేషణాలు పక్కపక్కన పెట్టకూడదని ఎక్కడుందండీ? మీగడ పేరిన చల్ది, మేళవించిన చల్ది. రాత్రి అన్నంలో పాలు పోసి తోడేస్తే తెల్లారేసరికి పైన మీగడ కడుతుంది. మా ఇంట్లో కుండలో తోడేసేవాళ్లు, పైపొర కోసం నేనూ మా అన్నా కొట్టుకునేవాళ్లం. ఆ పొరని చూసినవాడెవడైనా ‘మీగడ పేరిన చల్ది’ అంటే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత దాన్ని కలిపారు, ముద్ద చేశారు.

ఓరుగల్లు:
కుండ బాగుంది, కానీ అది మీ ఇంటి కుండ. పద్యంలో ఆ మాట లేదు.

హెప్పు:
బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మీరంతా ‘పేరిన’ వేరు, ‘పెరుఁగు’ వేరు అన్నట్టు మాట్లాడుతున్నారు. కన్నడంలో తోడంటుని హెప్పు అంటారు. పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు పాత పకారం అక్కడ హకారమయింది. హెప్పుకి పాత రూపమైన పెప్పు, మన పెరుఁగు, ‘పేరడం’లోని పేరు అన్నీ ఒక్క మూలంలోంచి వచ్చినవే అని నా నమ్మకం. అలాంటప్పుడు నిమ్మడిప్ప గారి నాన్నగారు పదాన్ని మార్చలేదు, దాని మూలాన్ని పాడారు.

అరసున్న:
పాలు పెరిగితే పెరుగు అని మా క్లాసులో పిల్లలు చెప్పేవారు, అది వట్టి పోలిక. వృద్ధి చెందే పెరుఁగుకీ గిన్నెలో పెరుఁగుకీ అరసున్న ఒకటే అయినంత మాత్రాన వేరు ఒకటి కానక్కర్లేదు. మీరు చెప్పిన పేరు-పెరుఁగు మాత్రం ఆలోచించదగ్గదే. అక్కడ అర్థం కూడా అతుకుతోంది.

పాకం:
పద్యం మీరు తేల్చండి, క్రియ సంగతి నేను చెప్తాను. హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా కేటరింగ్ చేస్తున్నాను, జెల్లీలు లెక్కలేనన్ని పోశాను. ‘తోడుకుంది’ అనకండి. తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కాదు. తోడంటు వేశాం, పులిసింది, అయిపోయింది. నెయ్యి అలా కాదు. చలికి పేరుతుంది, వేడి తగిలితే కరుగుతుంది, మళ్లీ పేరుతుంది. డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసా చూడండి, అంతే. జెలటిన్ స్వభావం అచ్చం నెయ్యిదే, ఒంటి వేడికే కరిగిపోతుంది, చల్లబరిస్తే మళ్లీ బిగుస్తుంది. కాబట్టి పేరడమే. ‘గడ్డకట్టింది’ అంటే డీప్ ఫ్రీజర్లో మంచు అనుకుంటారు. పైగా ఆల్కహాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్లో సరిగా గడ్డకట్టదు కూడా.

కొలత కూడా చెప్తా, నోట్ చేసుకోండమ్మా. మామూలు జెల్లీకి 7 గ్రాముల ప్యాకెట్టు రెండు కప్పులకి చాలు. చేత్తో తీసుకునే షాట్‌కి కప్పుకి ఒకటి పడాలి. పొడిని చల్లటి నిమ్మరసంలో చల్లి అయిదు నిమిషాలు ఉబ్బనివ్వండి, తర్వాత వేడిచేసి కరిగించండి, తెర్లనివ్వకండి. దించాకే టెకీలా, నారింజ లిక్కర్. మొత్తంలో సగానికి మించి మందు పోస్తే పేరడం కష్టం.

నిమ్మడిప్ప:
పాకం గారూ, నెయ్యి పోలికతో నా సగం టెన్షన్ పోయింది. ఇంకో చిక్కు ఉంది. వచ్చేవాళ్లలో ఆరుగురు శాకాహారులు. జెలటిన్ పశువుల తోళ్లూ ఎముకల్లోంచి తీసేది కాబట్టి వాళ్లకి చైనా గ్రాస్‌తో వేరే ట్రే చేస్తున్నాను. దానిక్కూడా ‘పేరింది’ అనొచ్చా?

పాకం:
సముద్రపు నాచులోంచి తీసింది కదా, బిగిసే తీరు వేరు. దాన్ని తెర్లించాల్సిందే, లేకపోతే కరగదు. 40 డిగ్రీల దగ్గరికి రాగానే బయటే, ఫ్రిజ్ అక్కర్లేకుండానే బిగుసుకుంటుంది. మళ్లీ కరగాలంటే 85 దాకా వెళ్లాలి. అందుకే కొంచెం వేడి ఉండగానే మందు కలిపి గబగబా డిప్పల్లోకి పోసెయ్యండి. నోట్లో కరగదు, పుటుక్కున విరుగుతుంది. దాన్ని నేనైతే ‘బిగిసింది’ అంటాను.

దాపటెద్దు:
మీరందరూ రెండో గణం దగ్గరే ఉన్నారు. నాకు ఆ పాదంలో ‘డాపలిచేత’ దగ్గరే కళ్లు ఆగుతాయి. వ్యవసాయం చేసిన ఇల్లు మాది, కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. కృష్ణుడు చల్దిముద్ద ఎడమచేతిలో పెట్టుకున్నాడు, ఊరగాయలు వేళ్ల సందుల్లో ఇరికించుకున్నాడు. కుడిచెయ్యి తినడానికి ఖాళీగా ఉండాలి కదా! ఆవులు కాసే పిల్లల్ని చూడనివాడు ఈ పాదం రాయలేడు. మీ నిమ్మముక్క కూడా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి బొటనవేలితో అంచు వదులు చేసుకుని నోట్లోకి జారవిడవాలి. తాటిముంజె తినేది అలాగే.

కడప గడప:
దాని ముందు పాదంలో ‘డాచంక’ కూడా చూడండి. కొమ్మూ కర్రా ఎడమ చంకలో జారిపోకుండా ఇరికించాడు. పిల్లనగ్రోవి నడుముకి కట్టిన బట్టలో. మొత్తం సామానంతా ఎడమవైపే సర్దేశాడు పోతన. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నా ఎడమ భుజం తనంతట తనే కొంచెం పైకి లేస్తుంది.

ఓరుగల్లు:
ఎత్తుగీతి (సీసం కింద వచ్చే చిన్న పద్యం) చివర చూడండి, “శైశవంబు మెఱసి చల్ది గుడిచె”. నిమ్మడిప్ప గారికి కావలసిన క్రియ అక్కడుంది. ఫ్రిజ్‌లో ఏం జరిగింది అన్నది కాదు, నోట్లో ఏం జరుగుతుంది అన్నది రాయండి. షాట్ తాగామనాలా, తిన్నామనాలా? పోసేటప్పుడు నీళ్లు, తీసేటప్పుడు ముద్ద. కుడుచు రెండింటికీ చెల్లుతుంది. కుడువ కూడు, కట్ట గుడ్డ అన్నప్పుడు తినడం. ఆవు చేపితే దూడ కుడిచింది అన్నప్పుడు తాగడం. ఇంతకంటే సరైన మాట ఎవరైనా చూపించండి.

హెప్పు:
తమిళంలో, కన్నడంలో ‘కుడి’ అంటే తాగడం ఒక్కటే. తినడం కూడా కలుపుకున్నది తెలుగే. ఓరుగల్లు గారూ, ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

దాపటెద్దు:
కుడిచే చెయ్యి కాబట్టే కుడిచెయ్యి. నా చిన్నప్పట్నుంచీ ఇదే అనుకుంటున్నాను.

అరసున్న:
అందంగా ఉంది గానీ నిరూపణ కావాలి. తమిళంలో కుడివైపుని వలం అంటారు, మన వలపట కూడా అదే. ‘కుడి’ మనకెక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి ముందు.

దాపటెద్దు:
కుడుచుటకి తినడమనే అర్థం తెలుగుకే ఉందని హెప్పు గారు ఇప్పుడే అన్నారు. కుడిచెయ్యి కూడా మనకే ఉంది. రెండూ ఒకచోటే ఉండటం చాలదా?

పాకం:
చైనా గ్రాస్ ట్రేకి ‘కుడుచు’ కుదరదు. దాన్ని నమలాలి. జెలటిన్‌ది నాలుక మీద పెట్టుకుని అంగిలికి అదిమితే చాలు, కరిగి రసం దిగుతుంది. అది కుడవడమే.

ఒక మాట మర్చిపోకముందే. 1862లో న్యూయార్క్‌లో జెర్రీ థామస్ అచ్చు వేయించిన పానీయాల పుస్తకంలో పంచ్ అనే మద్యపానీయంతో చేసే జెల్లీ ఉంది. చలిరాత్రికి హాయిగా ఉంటుంది గానీ మితంగా తీసుకోమంటాడు. జెలటిన్‌లో దాగి పంచ్ ఘాటు తెలియదనీ, ఎక్కువ తిన్నవాళ్లు భోజనాల తర్వాత డాన్సుకి పనికిరాకుండా పోయారనీ రాశాడు. ఈ రోజుకీ అదే నిజం. నాలుకకి తీపి తెలుస్తుంది, మందు తెలియదు. చీటీ మీద క్రియ కంటే ముందు ‘ఇందులో టెకీలా ఉంది’ అని పెద్దక్షరాలతో రాయండి. ఇంట్లో పిల్లలుంటే ఫ్రిజ్ కింది అరలో పెట్టకండి, వాళ్లకి అది జెల్లీ మిఠాయిలాగే కనిపిస్తుంది.

నిమ్మడిప్ప:
రాస్తాను. నాకు ఆరేళ్ల పాప ఉంది, పై అరలోకి మార్చేశాను.

కడప గడప:
‘కుడవండి’ అని చీటీ మీద రాస్తే మా ఊళ్లోవాళ్లకి గొడ్ల కుడితే గుర్తొస్తుందమ్మా. పద్యంలో ముద్దుగా ఉంటుంది గానీ ట్రే పక్కన బాగుండదు.

ఓరుగల్లు:
కుడితి గుర్తొస్తే తప్పేముంది? కృష్ణుడు ఆవుల మధ్యే కూర్చుని తిన్నాడు.

నిమ్మడిప్ప:
(ఆదివారం పొద్దున్న) అందరికీ థాంక్స్. మార్గరీటా చక్కగా పేరింది. చైనా గ్రాస్‌ది బిగిసింది. పైనాపిల్ రసంతో పినా కొలాడా అనే కాక్‌టెయిల్ ట్రే ఒకటి జెలటిన్‌తో చేశాను, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పేరలేదు, తెల్లటి షర్బత్ లాగే ఉండిపోయింది. గ్లాసుల్లో పోసి ఇచ్చేశాను.

పాకం:
పచ్చి పైనాపిల్ వాడారా? అందులో ఉండే ఎంజైము జెలటిన్‌ని విరగ్గొట్టేస్తుంది. బొప్పాయి, కివీ కూడా అంతే. డబ్బాలో వచ్చేది వేడిచేసి నింపుతారు కాబట్టి ఇబ్బంది ఉండదు. పచ్చిదే కావాలంటే రసాన్ని ముందు బాగా కాచుకోండి. చైనా గ్రాస్‌కి ఈ బాధ లేదు.

హెప్పు:
మీరు ఇప్పుడు ఏమీ ఆలోచించకుండానే ‘పేరింది’, ‘పేరలేదు’ అని రాశారు, గమనించారా?

నిమ్మడిప్ప:
అవును, రాశాక చూసుకున్నాను. కానీ చీటీ మీద ‘నిమ్మ డిప్పలు, టెకీలా ఉంది’ అని మాత్రమే రాశాను, క్రియ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పార్టీలో ఒకావిడ “ఇది తినాలా తాగాలా” అని అడిగింది. ‘కుడవాలి’ అన్నాను. ఆవిడది నరసరావుపేట దగ్గరి పల్లెటూరు. వెంటనే ‘దూడలాగానా’ అని తల పైకెత్తి నోరు తెరిచింది. ఆవిడకి విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

నాకు మాత్రం ఆ ‘పే’ పోవడం లేదు. గుంటూరులో తమ్ముడికి ఫోన్ చేసి నాన్న భాగవతం తీసి చూడమన్నాను. దశమస్కంధం ఉన్న సంపుటానికి అట్ట ఊడిపోయిందట, రాత్రికి ఆ పేజీ ఫోటో పంపుతానన్నాడు.

దాపటెద్దు:
ఫోటోలో ‘డాపలి’ అని ఉందా ‘దాపలి’ అని ఉందా కూడా చూసి చెప్పమనండి.

అరసున్న:
అట్ట లేకపోయినా లోపలి మొదటి పేజీ ఉంటే అదీ పంపమనండి. వావిళ్ల ప్రెస్ వారిదా, మరొకరిదా, ఏ సంవత్సరం ముద్రణో తెలియకుండా పాఠం గురించి ఏమీ అనలేం.