విక్రాంత్‌ను నాన్నగారికి ఎలా చూపించాలి?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై): మా నాన్నగారు 1971లో విక్రాంత్ అనే విమానవాహక యుద్ధనౌక మీద పనిచేశారు. బాయిలర్ పగిలి ఉన్నా యుద్ధానికి కదిలామని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఎనభై దాటాయి. ఒక్కసారి ఆ ఓడను చూపించమంటున్నారు. ఎక్కడుంది?

జవాబు: ఆ ఓడ ఇక లేదండీ. 1997లో సేవ ముగిసింది. ముంబయిలో 2012 వరకు మ్యూజియంగా ఉంది, 2014లో కోయడం మొదలుపెట్టారు. అంత పెద్ద ఓడను ఉప్పునీటిలో తుప్పు తినకుండా నిలపడానికి ఏటా ఖర్చే. అయినా నిలపవలసింది! విరాట్ అనే మరో విమానవాహక నౌక కూడా 2020లో, గుజరాత్‌లో పాత ఓడలను కోసే అలంగ్ తీరానికి చేరింది.

మరొకరి జవాబు: విక్రాంత్ ఇనుము కొంత బజాజ్ ‘వి’ మోటారు సైకిళ్లలో కలిసింది. నా దగ్గర ఒకటుంది, వేళచ్చేరిలో. నాన్నగారిని తీసుకురండి, చేత్తో తాకనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: ఆదివారం ఉదయం వస్తామండీ. ఆయన అప్పుడే తెల్లచొక్కా ఇస్త్రీ చేయమన్నారు.