కూల్చేసిన హేగేట్ ఎస్టేట్: పాత మ్యాప్ ఇప్పటి మ్యాప్ మీద కుదరడం లేదు

లండన్‌లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర హేగేట్ ఎస్టేట్ కౌన్సిల్ ఫ్లాట్లలో (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్లు) పెరిగాను. 1974లో పూర్తయిన ఆ ఎస్టేట్‌ను 2011–14 మధ్య కూల్చేశారు. ఇప్పుడక్కడ ఎలిఫెంట్ పార్క్ అనే కొత్త ఇళ్ల సముదాయం ఉంది. అప్పట్లో రోడ్డు మీద కాలు పెట్టకుండా బ్లాకుకీ బ్లాకుకీ మధ్య ఉన్న కాంక్రీటు వంతెనల మీదే సైకిలు తొక్కేవాళ్లం (పెద్దవాళ్లు తిట్టేవాళ్లు, అది వేరే సంగతి). మా బ్లాకు ఇప్పుడు సరిగ్గా ఎక్కడ పడుతుందో నాన్నకి చూపించాలని ఉంది.

గూగుల్ స్ట్రీట్ వ్యూలో 2008 ఫొటోలు చూశాను. న్యూ కెంట్ రోడ్డు వైపు గోడలే కనిపిస్తాయి, లోపలికి కారు వెళ్లదు కదా. గూగుల్ ఎర్త్ పాత చిత్రాల్లో నీడలు పడి వంతెనలు ఆనడం లేదు. ఇక ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ మ్యాపుల సంస్థ) వాళ్ల పాత 1:1250 స్కేలు మ్యాప్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటి మ్యాప్ మీద పెట్టాను, ప్రొజెక్షన్ ఈపీఎస్‌జీ 27700 (బ్రిటిష్ నేషనల్ గ్రిడ్). రెండు మ్యాపుల్లోనూ ఉన్న రైల్వే లైను, రోడ్డు కూడళ్లు జత కలిపే పాయింట్లుగా ఇస్తే అంచులు చక్కగా కలుస్తున్నాయి. మధ్యలో మాత్రం దాదాపు 30 మీటర్లు పక్కకి జరుగుతోంది. ఫొటోని సాగదీసి సరిచేసే పద్ధతులు పాలినామియల్, థిన్ ప్లేట్ స్ప్లైన్ రెండిటితోనూ అదే వరస. ఎస్టేట్ లోపల మిగిలినవి కొన్ని పెద్ద చెట్లే, అవేమో మ్యాప్‌లో లేవు.

గ్రిడ్ గీతలు కూడా ఫొటోలో పడని ఇలాంటి మ్యాప్‌కి లోపలి పాయింట్లు దేన్ని బట్టి పెట్టుకోవాలి?