పాత డిజిటల్ వాచీ బటన్: తాకితే చాలు పనిచేసేస్తోంది, ఎలా సరిచేయాలి?

మామయ్య ఇచ్చిన 1980ల నాటి జపాన్ డిజిటల్ వాచీ ఇది. టైము చక్కగానే చూపిస్తుంది. చొక్కా చెయ్యి రాసుకుంటే మాత్రం కింది బటన్ పడి స్టాప్‌వాచ్ మొదలైపోతుంది.

మూత తీసి చూశాను. బటన్ కడ్డీ ఒక సన్నని రేకును నెట్టి సర్క్యూట్ బోర్డు అంచుకు తాకిస్తుంది. ఆ రేకుకూ బోర్డుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ కూడా లేదు. పై బటన్ దగ్గర స్పష్టంగా ఉంది. స్ప్రింగు బాగానే వెనక్కి తంతోంది, కాబట్టి జిడ్డు సమస్య కాదనుకుంటున్నాను.

బ్యాటరీ తీసేసి రేకును పట్టకారుతో కొద్దిగా బయటికి వంచవచ్చా? ఇంత పాత లోహం విరిగితే విడిభాగం దొరకదు. మరీ వంచితే కడ్డీ కొనకే తగులుతుందేమో కూడా! మరమ్మతు దుకాణంలో "కొత్తది కొనుక్కోండి" అన్నారు. దయచేసి ఆ సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి.