ఆరేళ్ళకే ఒకే ఆటలో కోచింగ్: పిల్లల ఒంటికి మేలా, కీడా?

ఆరేళ్ళ బాబు అమ్మ:
మా వాడిని ఏడాదిగా వారానికి ఐదు రోజులు టెన్నిస్ కోచింగ్‌కి పంపుతున్నాం. రాకెట్ పడితే చూడముచ్చటగా ఆడతాడు. కానీ మొన్న ఎవరో మెత్తటి బంతి విసిరితే చేతులు బార్లా చాపి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బంతి ఛాతీకి తగిలి కింద పడింది. ఒంటికాలి మీద నాలుగు గెంతులు వెయ్యలేడు. ఆటలాడితే ఒళ్ళు చురుకవుతుందంటారు కదా, మరి ఇదేమిటండీ?

టెన్నిస్ కోచ్:
దానికోసం కోచింగ్ మాన్పించకండి అమ్మా. చిన్నప్పుడే చెయ్యి తిరగాలి. టైగర్ వుడ్స్ 1978లో, రెండేళ్ళ వయసుకే టీవీలో గోల్ఫ్ ఆడి చూపించాడు.

పిల్లల ఫిజియోథెరపిస్ట్:
వుడ్స్ మాట ఎత్తితే మీ టెన్నిస్ మేటి ఫెదరర్‌నీ చెప్పాలి సార్. చిన్నప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ కూడా ఆడాడు. అయినా ఇద్దరు విజేతలతో ఈ లెక్క తేలదు.

అమ్మా, ఒళ్ళు ఏది చేస్తే అదే నేర్చుకుంటుంది. ఫోర్‌హ్యాండ్ వందసార్లు కొడితే ఫోర్‌హ్యాండే వస్తుంది, గెంతడం రాదు. బంతి పట్టడమే చూడండి. మూడేళ్ళ పిల్లలు చేతులు చాపి, బంతి వచ్చి వాలేదాకా ఆగుతారు. క్రమంగా బంతిని కళ్ళతో వెంటాడి, చేతులు దానికి ఎదురు పంపి, మోచేతులు వంచి వేగాన్ని ఇముడ్చుకుంటారు. బంతి ఎక్కడికొస్తుందని అనుకున్నదీ, నిజంగా ఎక్కడికొచ్చిందీ పోల్చి సరిదిద్దే పనిలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. చిన్న బంతి, పెద్ద బంతి, నేల మీద దొర్లేది, గాల్లో తేలేది, అన్నీ ఎదురైతేనే ఆ అంచనా పదునెక్కుతుంది.

ఇంకో మాట. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకేసి నడుము తిప్పడం చాలామంది పిల్లలకి ఆలస్యంగా పట్టుబడుతుంది. టెన్నిస్ సర్వీస్‌లో కావలసిందీ అలాంటి కదలికే! అంటే విసరడం నేర్పితే మీ టెన్నిస్‌కీ లాభమే.

అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చాలా ఆటల్లో 15, 16 ఏళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకి పరిమితం కావద్దంటోంది. ఎదిగే ఎముకల చివర్ల మీద ఒకే ఒత్తిడి రోజూ పడటం నాకు నిజంగా భయమేస్తుంది.

ఒక నాన్న:
మా అమ్మాయిని అన్ని ఆటలూ ఆడనిచ్చాం. అయినా తడబడుతూనే ఉంటుంది. బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమే.

పిల్లల ఫిజియోథెరపిస్ట్:
బొత్తాలు, పెన్సిల్ దగ్గర కూడా ఇబ్బందంటే పిల్లల డాక్టరుకి చూపించండి. కదలికల సమన్వయ లోపం నూటికి ఐదారుగురు పిల్లల్లో ఉంటుంది. దాన్ని బద్ధకమని తిట్టకూడదు.

టెన్నిస్ కోచ్:
విసరడం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. కానీ మైదానంలో వదిలేస్తే చాలు, అన్నీ వాటంతటవే వస్తాయంటే మాత్రం ఒప్పుకోను. గెంతడమైనా, పట్టడమైనా ఒకరు దగ్గరుండి చూపించాలి, సరిదిద్దాలి. మీ పద్ధతిలో ఆ మనిషి ఎవరు?

ఆరేళ్ళ బాబు అమ్మ:
ప్రస్తుతానికి నేనే సార్. ఇవాళ బెలూన్‌తో మొదలుపెట్టాను. అది మెల్లగా దిగుతుంది కాబట్టి కళ్ళు మూసుకోలేదు, ఏడుసార్లు పట్టాడు. టెన్నిస్ వారానికి రెండు రోజులే పంపితే మీకు సమ్మతమేనా?