చర్చ: ఎంబీఏలో సిమ్యులేషన్ ఆటలకు మార్కులు వేయడం న్యాయమేనా?

చిత్తూరు_రెండో_ఏడు: మా కళాశాలలో ఈసారి బీర్ గేమ్‌కు, అంటే విద్యార్థులు వర్తకులుగా, ఫ్యాక్టరీగా స్థానాలు పంచుకుని ఒకరికొకరు సరుకు ఆర్డర్లు పెట్టుకునే ఆటకు, ఇంటర్నల్ మార్కులు పెట్టారు. అధ్యాపకులు దీనిని పాఠంగా చూస్తున్నారా, కాలక్షేపంగానా? ఇతర కళాశాలల విద్యార్థులు ఏమంటున్నారో కూడా తెలుపగలరు.

అలిపిరి_అధ్యాపకుడు: ఈ ఆటను నాకంటే ఎక్కువ బ్యాచ్‌లకు ఆడించినవారు ఈ జిల్లాలో ఉండరని ధైర్యంగా చెప్పగలను. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఆటలో వినియోగదారుల గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8కి ఒకే ఒక్కసారి పెరిగి అక్కడే ఆగినా, సరుకు చేరడంలోని జాప్యం వల్ల చిల్లర వర్తకుడి కంగారు టోకు వర్తకుడిని, పంపిణీదారుని దాటి ఫ్యాక్టరీకి చేరేసరికి ఆర్డర్లు ఎన్నో రెట్లవుతాయి. ఏడుకొండలవాడి పాదాల చెంత బీరు ఎందుకని నేను పాల ప్యాకెట్లతో ఆడిస్తున్నాను.

రేణిగుంట_గోదాము: సార్, పాలతో ఆట చెడిపోతుంది. మిగిలిన పెట్టెకు వారానికి అర డాలరు, ఇవ్వలేకపోయిన పెట్టెకు ఒక డాలరు ఖర్చు వేసే అసలు నియమం, సరుకు పాడవదనే నమ్మకం మీదే నిలిచింది. ప్యాకెట్లను వారాల తరబడి దాచే డిపోను మీరెక్కడ చూశారు?

అలిపిరి_అధ్యాపకుడు: నేను నేర్పేది ఆర్డర్లు పెట్టే తీరు, పాడిపరిశ్రమ కాదు. తరగతి గది ముఖం చూడనివారు సలహాలు తగ్గిస్తే మంచిది.

బంగారుపాళెం_తోట: తోతాపురి మామిడి గుజ్జు పెట్టండి, డ్రమ్ముల్లో ఏడాది దాటినా నిలుస్తుంది. పాత నిల్వలున్నాయంటూ ఫ్యాక్టరీలు కాయ కొనకపోతే ఏమవుతుందో మా రైతులకు ఏ ఆటా నేర్పనక్కరలేదు.

రేణిగుంట_గోదాము: కాయ వచ్చేది వేసవిలోనే కదా అన్నా, ఫ్యాక్టరీ కుర్రవాడు డిసెంబరులో ఆర్డరు వస్తే గుజ్జు ఎక్కడి నుంచి తీస్తాడు?

పద్మావతీపురం_హాస్టల్: పాలా గుజ్జా అన్నది తర్వాత తేల్చుకోండి. మా తరగతిలో మొత్తం ఖర్చును బట్టి మార్కులు వేశారు. 4, 8 సంగతి యూట్యూబ్‌లో ముందే చూసి వచ్చిన జట్టు గెలిచింది, పైవారి కంగారుకు ఫ్యాక్టరీ స్థానంలో ఉన్న నేను మార్కులు పోగొట్టుకున్నాను. ఎందుకలా జరిగిందో చర్చించవలసిన గంటను సిలబస్ పూర్తి చేయడానికి వాడుకున్నారు. ఆట అంటే మాకు విసుగు లేదు, ఇలా ఆడిస్తేనే విసుగు.

అలిపిరి_అధ్యాపకుడు: అమ్మా, ఖర్చుకు మార్కులు వేయడం తప్పే. ప్రతి వారం ఏ ఆర్డరు ఎందుకు పెట్టారో రాయించి, నేను ఆ రాతకే మార్కులు వేస్తాను, గిరాకీ అంకెలను కూడా ఏటా మారుస్తాను. పాలను మాత్రం మార్చను.

రేణిగుంట_గోదాము: అయితే పాలపొడి అనండి సార్, ఇద్దరికీ గొడవ ఉండదు.