అసెంబ్లర్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ విడి రికార్డు కావాలా?

కొత్తకోడర్: ఎక్స్86 ప్రాసెసర్లకి చిన్న అసెంబ్లర్ (అసెంబ్లీ కోడ్‌ని మెషీన్ బైట్లుగా మార్చే ప్రోగ్రామ్) రాస్తున్నాను. ఎన్‌కోడ్ చేసిన ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ ఒక ఆబ్జెక్ట్‌గా లిస్టులో పెట్టాలా, కోడ్, డేటా లాంటి ఒక్కో సెక్షన్‌కి ఒక బఫర్ పెట్టి బైట్లు వరసగా పోసుకుంటూ పోవాలా?

పాతకాపు: బఫరే. గ్నూ అసెంబ్లర్ చూడండి. సైజు తేలిన బైట్లన్నీ ఒకే ఫ్రాగ్‌లో, అంటే ఒకే బైట్ల ముక్కలో, చేరతాయి. సైజు తేలని జంపో, అలైన్‌మెంటో (అడ్రసు సర్దడానికి నింపే బైట్లు) వస్తేనే దాన్ని మూసి కొత్తది తెరుస్తుంది. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ టూల్స్‌లోనూ ఇలాంటి ఫ్రాగ్మెంట్లే. మూవ్ లాంటి ఇన్‌స్ట్రక్షన్ బైట్లు ఇక మారవు కదా, దానికి వేరు కాపురం ఎందుకు?

రిజిస్టర్‌రాణి: మరి లిస్టింగ్? ఏ లైనుకి ఏ బైట్లో ఎలా చెప్తారు?

పాతకాపు: పక్కన ఒక టేబుల్.

రిజిస్టర్‌రాణి: ఆ టేబులే మా కొంప ముంచింది. నేను పనిచేసిన చోట సొంత అసెంబ్లర్ ఉండేది. 2 బైట్ల జంప్ 5 బైట్లయింది, లిస్టింగ్‌లో మాత్రం పాత అడ్రసులే. బోర్డు హ్యాంగయితే రాత్రంతా తప్పు అడ్రసు పట్టుకుని వెతికాం.

పాతకాపు: టేబుల్‌లో అడ్రసు రాసినవాడిది ఆ తప్పు. ఏ ఫ్రాగ్, అందులో ఎన్నో బైటు అని రాసుకుంటే ఫ్రాగ్ ఎంత జరిగినా లెక్క చెడదు.

బిట్‌బంగారం: గిగాబైట్ల మెమరీ ఉన్న రోజుల్లో ఈ గొడవేంటండీ.

సెమికోలన్: "ఇక మారవు" అనకండి. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో ఫంక్షన్ కాల్‌కి వాడే 8 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ల జంటని లింకర్ (అసెంబ్లర్ ఇచ్చిన ఫైళ్లని కలిపే ప్రోగ్రామ్) 4 బైట్లకి కుదించగలదు.

పాతకాపు: అడిగింది ఎక్స్86 గురించి.

రిజిస్టర్‌రాణి: మీరు ఎప్పుడూ ఇంతే, అడ్డం వచ్చినదాన్ని పక్కకి నెట్టేస్తారు. నేను జంప్ అని రాస్తే అది ఎన్ని బైట్లో తేల్చే హక్కు అసెంబ్లర్‌కి ఎవరిచ్చారు?

పాతకాపు: అదీ సంగతి! మీ కోపం బఫర్ మీద కాదు, రిలాక్సేషన్ మీద, అంటే జంప్ సైజుని అసెంబ్లరే తేల్చడం మీద.

రిజిస్టర్‌రాణి: అవును, దాని మీదే. 2 బైట్ల జంప్ కావాలంటే షార్ట్ అని నేనే రాస్తాను. దూరం అందులో పట్టకపోతే ఎర్రర్ ఇమ్మనండి, నాకు చెప్పకుండా పెంచొద్దు.

పాతకాపు: మధ్యలో లైను చేర్చినప్పుడల్లా జంప్ దూరం షార్ట్‌లో పట్టే 127 బైట్లు దాటిందేమోనని మీరు చూసుకోండి. నాకంత ఓపిక లేదు. మొదట అన్నీ చిన్నవే అనుకుని, పట్టనివి పెంచుకుంటూ పోతే సరి. పెరిగింది మళ్లీ తగ్గదు కాబట్టి ఆ లూప్ ఎక్కడో ఆగుతుంది.

కొత్తకోడర్: షార్ట్ అని రాస్తే తప్ప అన్నిటికీ పెద్ద జంపే పెడితే ఒక్క బఫర్ చాలుతుందా?

పాతకాపు: చాలు. అలైన్‌మెంట్ కూడా అక్కడికక్కడే నింపెయ్యొచ్చు. కండిషనల్ జంప్‌కి 2 బదులు 6 బైట్లవుతాయి, అంతే. ఇంకా రాని లేబుళ్ల కోసం ఫిక్సప్‌ల (అడ్రసు తర్వాత పూరించాల్సిన చోట్ల) లిస్టు ఒకటి ఉంచుకోండి.

రిజిస్టర్‌రాణి: ప్రతి ఫిక్సప్‌లో లైను నంబరు కూడా పెట్టు. షార్ట్ పట్టకపోతే ఎర్రర్ ఏ లైన్లో అని చూపిస్తావ్ మరి?